సగటు చెప్పేది సగమే

2025 నవంబర్ చివర్లో అమెరికా కంపెనీ అబాట్ ఒక ప్రకటన చేసింది. తన ఫ్రీస్టైల్ లిబ్రే 3, లిబ్రే 3 ప్లస్ గ్లూకోజ్ సెన్సర్లలో కొన్ని రక్తంలో షుగర్‌ను ఉన్నదానికన్నా తక్కువగా చూపిస్తున్నాయని, వాటిని తీసేయమని. అదంతా ఒకే ఉత్పత్తి లైన్ నుంచి వచ్చిన సరుకు. ఒక్క అమెరికాలోనే దాదాపు 30 లక్షల సెన్సర్లు. అప్పటికి ప్రపంచం మొత్తం మీద 736 తీవ్ర ఘటనలు, 7 మరణాలు వీటితో ముడిపడి ఉండవచ్చని కంపెనీయే లెక్క చెప్పింది. తక్కువ చూపిస్తే వచ్చే నష్టమేమిటని అనిపించవచ్చు. షుగర్ తగ్గిందని అంకె చెప్పగానే మనిషి గ్లూకోజు నీళ్లు తాగుతాడు, తీసుకోవాల్సిన ఇన్సులిన్ వాయిదా వేస్తాడు. నిజానికి షుగర్ తగ్గలేదు కాబట్టి అది ఇంకా పెరుగుతుంది. సెన్సర్ మళ్లీ తక్కువే చూపిస్తుంది, అతను మళ్లీ అదే చేస్తాడు. ఒంట్లో సొంత ఇన్సులిన్ లేని టైప్ 1 రోగికి ఇలా ఒకటి రెండు రోజులు గడిస్తే చాలు, రక్తం ఆమ్లమయమై ఆస్పత్రిలో చేరాల్సి వస్తుంది. ఇంతకీ ఇదేమీ నాసిరకం పేరున్న పరికరం కాదు. కంపెనీ ప్రకటించిన సగటు తేడా 7.9 శాతం. బజారులో ఉన్న సెన్సర్లు చెప్పుకునే అంకెల్లో అతి తక్కువ వాటిలో ఇదొకటి. ఆ 7.9 అబద్ధమని నేననడం లేదు. షుగర్ రోగికి తెలియాల్సిన సంగతి ఆ అంకెలో లేదంటున్నాను. దాన్ని చూసి సెన్సర్ కొనడం, మందు మోతాదు మార్చడం, పరికరానికి అనుమతి ఇవ్వడం మూడూ పొరపాటే.

ముందుగా ఆ సెన్సర్ కొలిచేదేమిటో చూడాలి. జబ్బకు అంటించిన రూపాయి బిళ్లంత ముక్క కింద అర సెంటీమీటరు పొడవున్న సన్నటి తీగ చర్మంలోకి దిగి ఉంటుంది. దాని మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము పూత. గ్లూకోజ్ తగలగానే రసాయన చర్య జరిగి అతి స్వల్పమైన కరెంటు పుడుతుంది. ఆ కరెంటును లెక్కగట్టి ఫోన్ తెర మీద అంకెగా చూపిస్తారు. ఎంజైముతో గ్లూకోజ్ కొలవవచ్చన్న ఆలోచన 1962లో లీలాండ్ క్లార్క్‌ది. ఒంటి మీద పెట్టుకునే తొలి పరికరానికి అమెరికాలో 1999లో అనుమతి వచ్చింది. అది మూడు రోజులు మాత్రమే పనిచేసేది, పైగా రోగికి అంకె కనబడేది కాదు. అక్కడి నుంచి నిమిషానికో, అయిదు నిమిషాలకో ఒక రీడింగ్ ఇస్తూ రెండు వారాలు పనిచేసే స్థాయికి రావడం చిన్న ఘనత కాదు. అయితే ఆ తీగ ఉన్నది రక్తంలో కాదు, చర్మం కింద కణాల మధ్య ఊరే ద్రవంలో. రక్తంలోని గ్లూకోజ్ అక్కడికి చేరడానికి అయిదు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది. షుగర్ నిలకడగా ఉన్నంతసేపు ఈ ఆలస్యంతో పేచీ లేదు. నిమిషానికి రెండు చొప్పున పడిపోతున్నప్పుడు పది నిమిషాల ఆలస్యమంటే 20 పాయింట్ల తేడా. (ఇక్కడి అంకెలన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాములు, ల్యాబ్ కాగితం మీద ఉండేవే.) రక్తంలో 62కు దిగి చెమటలు పడుతుంటే తెర మీద 82 కనబడుతుంది. పక్కనే కిందికి చూస్తున్న బాణం కూడా ఉంటుంది. ఆ బాణాన్ని చదవడం నేర్చుకున్నవాడికి 82 అంటే ప్రమాదమని తెలుస్తుంది. నేర్పని చోట, 82 బాగానే ఉంది కదా అని స్కూటర్ స్టార్ట్ చేస్తాడు.

ఇక సగటు సంగతి. ప్రయోగంలో పాల్గొన్నవాళ్ల రక్తాన్ని ల్యాబ్ యంత్రంతో పరీక్షించి, అదే క్షణంలో సెన్సర్ చూపిన అంకెతో పోలుస్తారు. తేడా పైకైనా కిందికైనా శాతంగా రాసుకుంటారు. అలాంటి వేల జతల సగటునే డాక్టర్లు మార్డ్ అంటారు. అది ఎంత తక్కువైతే సెన్సర్ అంత మంచిదని లెక్క. జిల్లా సగటు వర్షపాతం సాధారణమని వ్యవసాయ శాఖ ప్రకటించిన ఏడాది కూడా అదే జిల్లాలో నాలుగు మండలాల్లో వేరుశనగ ఎండిపోవడం అనంతపురం రైతుకు కొత్త కాదు. ఇక్కడా అంతే. పది రీడింగుల్లో తొమ్మిదింట 5.5 శాతం తేడా ఉండి, పదోది మాత్రం అసలు షుగర్ 60 ఉన్నప్పుడు 84 చూపించిందనుకోండి. ఆ ఒక్కచోట తేడా 40 శాతం, కానీ మొత్తం సగటు 9 దగ్గరే తేలుతుంది. ఇంకో సెన్సర్ పదిసార్లూ 9 శాతమే తప్పింది. దాని సగటూ 9. కరపత్రం మీద రెండూ సమానం. మొదటిదాన్ని పెట్టుకున్నవాడికి అవసరమైన వేళ అలారం మోగదు. రెండోదాని తప్పు ప్రాణం మీదికి తెచ్చేది కాదు. పైగా షుగర్ నిలకడగా, మామూలు స్థాయిలో ఉన్న గంటలను ప్రయోగంలో ఎక్కువగా చేరిస్తే సగటు దానంతటదే అందంగా తయారవుతుంది. తిన్న తర్వాత ఎగసే వేళ, ఇన్సులిన్ తర్వాత దిగే వేళ, తెల్లవారుజామున లో షుగర్ వేళ ఎంత ఎక్కువగా చేరిస్తే అంత వికారంగా మారుతుంది. అంటే ఆ అంకె సెన్సర్ గుణం ఎంత చెబుతుందో, దాన్ని పరీక్షించిన తీరు గురించీ అంతే చెబుతుంది.

ఇది నా ఊహ కాదు. జర్మనీలోని ఉల్మ్ నగరంలో గ్లూకోజ్ పరికరాలను పరీక్షించే పరిశోధన సంస్థ ఒకటుంది. అక్కడి పరిశోధకులు టైప్ 1 ఉన్న 24 మందికి లిబ్రే 3, డెక్స్‌కామ్ జీ7, మెడ్‌ట్రానిక్ సింప్లెరా మూడింటినీ ఒకేసారి పెట్టి పోల్చారు. షుగర్‌ను కావాలని పెంచి, దించి, నిజజీవితపు ఎగుడుదిగుళ్లను తెచ్చారు. కంపెనీల లెక్కలో 8 చుట్టుపక్కల ఉన్న లిబ్రే, డెక్స్‌కామ్‌ల తేడా ఇక్కడ ల్యాబ్ యంత్రంతో పోలిస్తే 11, 12 శాతానికి వెళ్లింది. అంతకన్నా ఆసక్తికరం, పోలిక కోసం వాడిన ల్యాబ్ పద్ధతి మారిస్తే వాటి తేడా మళ్లీ 10 దాకా తగ్గింది. మూడో సెన్సర్ తేడా అయితే ఒక పద్ధతిలో ఒకలా, ఇంకో పద్ధతిలో గణనీయంగా ఎక్కువగా తేలింది. అదే సెన్సర్, అదే మనిషి, అదే క్షణం. తూకం రాయి మారితే బరువు మారిపోతోంది. ఇలాంటప్పుడు రెండు కంపెనీలు వేర్వేరు ప్రయోగాల్లో వేర్వేరు పద్ధతుల్లో తేల్చుకున్న 7.9, 8.2లను పక్కపక్కన పెట్టి ఇది మెరుగు, అది తరుగు అనడం అమ్మకాల వాళ్లకు పనికొస్తుందేమో కానీ డాక్టరుకు పనికిరాదు.

అమెరికా ఔషధ, పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ చిక్కును కొంత గ్రహించింది. 2018లో డెక్స్‌కామ్ జీ6కు అనుమతి ఇస్తూ, ఇన్సులిన్ పంపును కూడా నడిపించగల సెన్సర్లకు ఒక కొత్త తరగతి పెట్టింది. ఒక్క సగటు చాలదు, షుగర్‌ను మూడు అంతస్తులుగా విడదీసి ఒక్కోదానికి వేరే పరీక్ష నెగ్గాలంది. 70కి దిగువన సెన్సర్ చూపిన రీడింగుల్లో 85 శాతానికి మించి అసలు విలువకు 15 పాయింట్ల లోపు ఉండాలి. 70 నుంచి 180 మధ్య, 180కి పైన వేరే నిబంధనలు. అసలు షుగర్ 180 దాటి ఉండగా 70 లోపు చూపించిన ఉదంతం ప్రయోగంలో ఒక్కటి కూడా ఉండకూడదు. సరైన దిశలో పడ్డ అడుగు ఇది. అయినా దాన్ని తిప్పి చదవండి. లో షుగర్ రీడింగుల్లో ఇంచుమించు ఏడింట ఒకటి 15 పాయింట్లకు మించి తప్పినా నియమం ఒప్పుకుంటుంది. ఇన్సులిన్ పంపును నడిపించే పరికరానికి అనుమతించిన తేడా ఇది. ఇదే ఇప్పుడున్న నియమాల్లో కఠినమైనదనుకుంటే, మిగతా చోట్ల పరిస్థితి ఊహించుకోవచ్చు. ఇక పరీక్ష నెగ్గిన సెన్సర్, మందుల షాపులో మనం కొన్న సెన్సర్ ఒకటేనన్న భరోసా కూడా లేదు. 2025 మార్చిలో డెక్స్‌కామ్‌కు ఎఫ్‌డీఏ హెచ్చరిక లేఖ రాసింది. సెన్సర్ పూతలో ఒక పదార్థాన్ని అనుమతి లేకుండా మార్చారని, మార్చినవి పాతవాటికన్నా తక్కువ కచ్చితంగా ఉన్నాయని అందులో ఆక్షేపించింది. పేరు అదే, పెట్టె అదే, కరపత్రం మీద అంకె అదే.

తప్పు లో షుగర్ దగ్గరే ప్రమాదమనుకుంటే అదీ సరికాదు. ఒక యూనిట్ ఇన్సులిన్‌తో 50 పాయింట్లు తగ్గే మనిషిని తీసుకోండి. భోజనానికి ముందు అసలు షుగర్ 200. దాన్ని 100కు తేవాలంటే రెండు యూనిట్లు చాలు. సెన్సర్ 250 చూపిస్తే మూడు వేసుకుంటాడు. రెండు మూడు గంటల్లో 50కి దిగుతాడు. తప్పింది పైన, పడింది కింద. ఎవరి అనుభవంలోనిదో కాదు ఇది, ఇన్సులిన్ లెక్క తెలిసిన ఎవరైనా కాగితం మీద వేసి చూసుకోవచ్చు.

ఇక్కడ వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. వేలు గుచ్చి చూసే గ్లూకోమీటర్ మాత్రం సత్యహరిశ్చంద్రుడా? కాదు. గ్లూకోమీటర్లకు ఐఎస్ఓ 15197 అనే అంతర్జాతీయ ప్రమాణం 2013 నాటి రూపంలో ఉంది. 100కు పైన 15 శాతం, 100 లోపు 15 పాయింట్ల తేడాలో నూటికి 95 రీడింగులు ఉంటే అది పాసవుతుంది. ఇంట్లో అసలు తేడా అంతకన్నా ఎక్కువే. స్ట్రిప్పుల డబ్బా మూత సరిగా పెట్టకపోతే తేమ పట్టి పాడవుతాయి. పండు ఒలిచిన వేలును కడుక్కోకుండా గుచ్చితే అంకె ఎక్కడికో పోతుంది. 2011లో జపాన్ పరిశోధకులు నారింజ, ద్రాక్ష, కివీ ఒలిపించి మరీ దీన్ని చూపించారు. స్పిరిట్ దూదితో తుడిచినా లాభం లేదు, నీళ్లతో కడగాల్సిందే. మామిడిపళ్ల కాలంలో మన ఇళ్లలో ఈ సంగతి గోడ మీద రాసిపెట్టుకోదగ్గది. ఇదంతా ఒప్పుకుంటూనే రెండు మాటలు చెప్పాలి. గ్లూకోమీటర్‌కు ఒక ప్రమాణం ఉంది, అది లోకమంతటికీ తెలుసు, ఎవరైనా కొత్త మీటరును దానితో తూచవచ్చు. సెన్సర్లకు అలాంటి ఐఎస్ఓ ప్రమాణం లేదు. అంతర్జాతీయ క్లినికల్ కెమిస్ట్రీ సమాఖ్య 2019లో ఒక కార్యబృందాన్ని వేసింది, ఆ పని ఇంకా సాగుతోంది. రెండోది, గ్లూకోమీటర్ తప్పు ఒక్కసారి తప్పు. అనుమానమొస్తే చెయ్యి కడుక్కుని మళ్లీ గుచ్చుకుంటాం. తీగ పాడైన సెన్సర్ రోజుకు వందలసార్లు, ఒకే వైపు, ఎంతో నమ్మకంగా తప్పుతుంది. గీత నున్నగా ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

రెండో అభ్యంతరం డాక్టర్లది. అంకె ముఖ్యం కాదు, గీత ముఖ్యం అంటారు. పరగడుపున ఒకటి, తిన్నాక ఒకటి చూసుకుని బతికిన వాళ్లకు రోజంతా గీత కనబడటం చీకట్లో లైటు వేసినట్టేనని వారి వాదన. నేను దీనితో చాలావరకు ఏకీభవిస్తాను, ఎందుకంటే ఆధారాలు అటే ఉన్నాయి. 2016లో లాన్సెట్‌లో వచ్చిన ఇంపాక్ట్ అధ్యయనంలో టైప్ 1 వాళ్లు లో షుగర్‌లో గడిపే సమయం సెన్సర్ వల్ల 38 శాతం తగ్గింది. 2017 నాటి డైమండ్ అధ్యయనంలో ఇంజెక్షన్లు వాడే టైప్ 1 వాళ్ల మూడు నెలల షుగర్ సగటు సెన్సర్ లేనివాళ్లకన్నా 0.6 శాతం పాయింట్లు ఎక్కువగా తగ్గింది. గమనించండి, ఇవన్నీ ఇప్పటికన్నా తక్కువ కచ్చితమైన పాత సెన్సర్లు సాధించిన ఫలితాలు. తొలి లిబ్రే సగటు తేడా 11.4 శాతం. అయినా మేలు జరిగింది. మరి గొడవెందుకు? ఆ ప్రయోగాల్లో రోగుల వెంట శిక్షణ ఇచ్చే నర్సులు ఉన్నారు, ఎప్పుడు నమ్మాలో ఎప్పుడు వేలు గుచ్చి చూడాలో చెప్పినవాళ్లున్నారు. గీత మేలు చేసింది, దాన్ని చదవడం వచ్చిన చేతుల్లో. టైప్ 2లో ఇన్సులిన్ వాడేవాళ్ల మీద జరిగిన రీప్లేస్ అధ్యయనం ఇంకా నిజాయితీగా మాట్లాడుతుంది. అందులో లో షుగర్ సమయం 43 శాతం తగ్గింది, మూడు నెలల సగటు మాత్రం సెన్సర్ లేనివాళ్లతో పోలిస్తే చెప్పుకోదగ్గంత మారలేదు. సెన్సర్ పెట్టుకుంటే షుగర్ తగ్గుతుందని ప్రకటనల్లో వినబడే మాటకు, ఈ ఫలితానికి మధ్య ఉన్న దూరం చూడండి.

గీతను నమ్మకూడని వేళలు కొన్ని ఉన్నాయి, అవి మన పెట్టెలోని చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో పడి ఉంటాయి. పెట్టుకున్న మొదటి రోజు తీగ చుట్టూ కణజాలం కుదురుకోదు, అప్పటి అంకెలు అంత నమ్మదగ్గవి కావు. రాత్రి సెన్సర్ ఉన్న చేతి మీద ఒరిగి పడుకుంటే అక్కడ ద్రవం కదలిక తగ్గి, లేని లో షుగర్ కనబడుతుంది. అర్ధరాత్రి అలారం మోగితే ఇంట్లో వాళ్లు లేచి పంచదార నీళ్లు పట్టిస్తారు. పక్కకు తిరిగి పడుకోబెట్టి, వేలు గుచ్చి చూస్తే సరిపోయేది. లిబ్రే 2 వాడేవాళ్లు రోజుకు 500 మిల్లీగ్రాములకు మించి విటమిన్ సి తీసుకుంటే అంకె అబద్ధంగా పెరుగుతుంది. జలుబు చేస్తే చప్పరించే బిళ్ల ఒక్కోటి ఎంత మోతాదో చూసుకుంటే ఈ హెచ్చరిక ఎంతమందికి వర్తిస్తుందో తెలుస్తుంది. పారసెటమాల్ పాత డెక్స్‌కామ్ సెన్సర్లను బాగా తప్పుదోవ పట్టించేది. జీ6 నుంచి ఒకసారికి గ్రాము, ఆరు గంటల ఎడం అనే పరిమితిలో ఆ ఇబ్బంది పోయింది. మందుల షాపులో ఈ నాలుగు ముక్కలు తెలుగులో చెప్పేవాళ్లు ఎంతమంది ఉన్నారు? ఉష్ణోగ్రత సంగతి ఇంకోటి. సెన్సర్ల నిల్వకు కంపెనీలు రాసే గరిష్ఠ పరిమితి 30 డిగ్రీల చుట్టుపక్కలే. మే నెలలో రెంటచింతలలో, రామగుండంలో డెలివరీ కుర్రాడి వీపు మీది సంచిలో మధ్యాహ్నం ఎంత ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఇన్సులిన్‌కు ఐసు పెట్టాలన్న స్పృహ మనకు వచ్చింది, ఇది ఇంకా రాలేదు.

మన దగ్గర ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, 13.6 కోట్ల మందికి దాని ముందు దశ ఉన్నాయని తేల్చింది. వీరిలో అత్యధికులు టైప్ 2, మాత్రలు వాడేవాళ్లు. వీళ్లకు సెన్సర్ సాధారణంగా ఏడాదంతా ఉండదు, డాక్టర్ సలహా మీద ఒకసారి రెండు వారాలు పెడతారు. రోగికి అంకె కనబడకుండా రాసుకునే రకం కూడా ఉంది. ఆ రెండు వారాల కాగితాన్ని ముందు పెట్టుకుని మాత్ర మారుస్తారు, ఇన్సులిన్ మొదలుపెడతారు, షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మోతాదు పెంచుతారు. రక్తహీనత ఎక్కువగా ఉన్న మన ఆడవాళ్లలో మూడు నెలల సగటు పరీక్షే తప్పుదారి పట్టించవచ్చు కాబట్టి ఇలాంటి కాగితం విలువైనదే. కానీ ఆ రెండు వారాల్లో ఒక్క రోజయినా, రెండు పూటలయినా వేలు గుచ్చి పోల్చి రాశారా అన్నది ఆ కాగితంలో ఉండదు. ఆ ఒక్క సెన్సర్ ఆ ఒక్క ఒంట్లో 20 పాయింట్లు ఎత్తుగా చదువుతుంటే, రెండు వారాల గీత మొత్తం 20 పాయింట్లు ఎత్తులోనే ఉంటుంది. అలాంటి కాగితం చూసి డెబ్భై ఏళ్ల పెద్దాయనకు మాత్ర పెంచితే తెల్లవారుజామున ఆయన బాత్‌రూమ్‌లో పడిపోవడానికి కారణం ఎవరికీ అంతుపట్టదు.

షుగర్ లేనివాళ్లు బరువు తగ్గడానికి, అన్నం మంచిదా చపాతీ మంచిదా తేల్చుకోవడానికి సెన్సర్ పెట్టుకోవడం ఇప్పుడో ఫ్యాషన్. దీని గురించి రెండు వాక్యాలు చాలు. 2020లో అమెరికా పరిశోధకులు 16 మందికి రెండు కంపెనీల సెన్సర్లు ఒకేసారి పెడితే, ఏ భోజనం షుగర్‌ను ఎక్కువ పెంచిందన్న వరసే రెండింటిలో వేర్వేరుగా వచ్చింది. 2025లో ఇంగ్లండ్‌లోని బాత్ విశ్వవిద్యాలయం వారు ఆరోగ్యవంతుల్లో సెన్సర్ వేలి రక్తంకన్నా ఎక్కువ చూపిస్తోందని, 140 దాటిన సమయాన్ని కొన్ని రెట్లు పెంచి చెబుతోందని గమనించారు. ఇక చర్మం గుచ్చకుండానే షుగర్ చెబుతామనే గడియారాలు, ఉంగరాలు కొనవద్దని ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే చెప్పింది. అలాంటివి వేటికీ అప్పటికి అనుమతి లేదు. ఆన్‌లైన్‌లో ఇప్పటికీ దొరుకుతాయి.

మరి అడగాల్సిందేమిటి? 2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో వైద్య పరికరాలన్నీ ఔషధాల చట్టం కిందికి వచ్చాయి. కాబట్టి అధికారం లేదన్న సాకు కేంద్ర ఔషధ ప్రమాణాల సంస్థకు లేదు. సెన్సర్ పెట్టె మీద ఒక్క సగటు కాకుండా 70 లోపు ఎంత తప్పుతుంది, మొదటి రోజు ఎంత తప్పుతుంది, రెండు వారాల చివర ఎంత తప్పుతుందన్న మూడు అంకెలు ముద్రించమనడం కొత్త పరిశోధన అడగడం కాదు. కంపెనీల దగ్గర ఆ లెక్కలన్నీ ఉన్నాయి, అనుమతి కోసం సమర్పించినవే. దేశంలో అమ్మే బ్యాచుల్లోంచి కొన్నిటిని తీసి స్వతంత్రంగా, మన ఎండల్లో, మన తిండి తినేవాళ్ల మీద పరీక్షించాలి. విశాఖలో మెడ్‌టెక్ జోన్ పెట్టుకున్నాం, హైదరాబాద్ పక్కన సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఉంది. పరికరాలు తయారుచేయడానికే కాదు, తూచడానికీ అవి పనికిరావాలి. పరికరాల వల్ల హాని జరిగితే నమోదు చేయడానికి మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం 2015 నుంచి ఉంది. కానీ సెన్సర్ తప్పు చూపించిందని రోగి ఎవరికి చెప్పాలో పెట్టె మీద రాసి ఉండదు. ప్రపంచం మొత్తం మీద 736 ఘటనలు లెక్కకు వచ్చాయంటే ఆయా దేశాల్లో ఎవరో ఫిర్యాదు తీసుకునేవాళ్లున్నారన్నమాట. ఫిర్యాదు రాని చోట తప్పు లేదనుకోవడం కంటికి గంతలు కట్టుకోవడమే.

ఇలా నియమాలు పెంచితే ధర పెరుగుతుందని, రెండు వారాల సెన్సర్‌కు ఇప్పటికే నాలుగైదు వేలు పెట్టలేక జనం అల్లాడుతుంటే ఇంకా దూరం చేసినట్టవుతుందని అనేవాళ్లుంటారు. ధర మాట నిజం. కానీ నేను అడుగుతున్నవాటిలో అచ్చు వేయడానికి ఖర్చు లేదు, పోల్చి చూడటానికి అయ్యే ఖర్చు పది స్ట్రిప్పులు. పైగా ఖరీదైన వస్తువు కాబట్టే దాని తప్పు గురించి కొనేవాడికి ఎక్కువ తెలియాలి. ఇలా రాస్తే జనం భయపడి సెన్సర్లు మానేస్తారన్న వాదన నాకు ఇంకా బలహీనంగా కనిపిస్తుంది. బ్రేకు వేస్తే బండి ఎంత దూరంలో ఆగుతుందో చెబితే ఎవరూ నడపడం మానరు, ఎంత ఎడం పాటించాలో తెలుసుకుంటారు. రాత్రి లో షుగర్‌తో బిడ్డ లేవదేమోనని నిద్ర మానుకునే టైప్ 1 పిల్లల తల్లిదండ్రులకు ఈ పరికరం ఎంత ఊరటో తెలిసినవారెవరూ దాన్ని వద్దనరు. వాళ్లకోసమే అది ఎప్పుడు తప్పుతుందో తెలియాలి.

కంపెనీలకు ఒక మనవి. పెట్టెలో సెన్సర్ పక్కన పది స్ట్రిప్పులు, ఒక తెలుగు కాగితం పెట్టండి. డాక్టర్లు రెండు వారాల కాగితం చదివే ముందు రోగి వేలు గుచ్చి రాసుకున్న అంకెలు అడగండి. సెన్సర్ పెట్టుకున్నవాళ్లు ఇది గుర్తుంచుకోండి. ఒళ్లు ఒకటి చెబుతూ తెర ఇంకొకటి చెబుతున్నప్పుడు, మొదటి రోజు, అంకె పక్కన బాణం నిటారుగా ఉన్నప్పుడు, ఇన్సులిన్ వేసుకునే ముందు అంకె నమ్మబుద్ధి కానప్పుడు చెయ్యి నీళ్లతో కడుక్కుని వేలు గుచ్చి చూడండి. మీటరు 70కి పైన చూపిస్తే 20 శాతం, దిగువన చూపిస్తే 20 పాయింట్లకు మించి తేడా ఉంటే, అరగంట ఆగి మళ్లీ చూడండి. అప్పటికీ అంతే ఉంటే సెన్సర్ ఏమి చెప్పినా మీటరు మాటే వినండి, ఆ సెన్సర్ పెట్టె మీది బ్యాచ్ నంబరు పారేయకుండా దాచండి.